నేను ఏరి తీసిన ఇనుము

మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ ఏ వస్తువునూ చెప్పిన ధరకు కొన్న పాపాన పోలేదు. నంద్యాల బజారులో మాకు చిల్లర అంగడి ఉండేది. నాయన తరాజు పట్టుకుంటే, నేను మూటలు విప్పి కల్తీ పట్టేవాణ్ణి. మిరియాల్లో బొప్పాయి గింజలు, ధనియాల పొడిలో పేడ పొడి, టీ పొడిలో ఇనుప రజను. ఈ చివరిదాని కోసం నాయన ఎక్కణ్ణుంచో గుర్రపు నాడా ఆకారంలో ఉండే అయస్కాంతం ఒకటి తెచ్చిచ్చాడు. టీ పొడిని కాగితం మీద పలచగా పరిచి, పైన దాన్ని తిప్పితే దొంగ రజనంతా లేచి మీసాల మాదిరి అతుక్కునేది. మోసం చేసినవాడి మొహాన ఆ మీసాలు చూపించి ధర తగ్గించడంలో ఉన్న ఆనందం నాకు ఏ పండక్కీ కలగలేదు.

ఈ విద్యతోనే ఇరవై మూడేళ్ల వయసులో ఒక పెద్దమనిషి పరువు తీయబోయాను. ఎవరూ అడగకముందే తెలివి చూపించాలని చేతులు దురదపెట్టే పిల్లలు ఇప్పుడూ ఉద్యోగాల్లో చేరుతూనే ఉంటారు కాబట్టి, సిగ్గు విడిచి చెబుతున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఖనిజాలు తవ్వి అమ్మే ఒక కంపెనీ నంద్యాలలో దూది మిల్లు వెనకాల, రేకుల షెడ్డులో చిన్న లాబరేటరీ పెట్టింది. అందులో నేను సామాన్ల గుమాస్తాని. సీసాలు, బొగ్గులు, ఆమ్లాలు, జల్లెళ్లు, ఏది కావాలన్నా పోయి బేరమాడి తేవడం నా పని. జీతమిచ్చి మరీ బేరాలాడమంటే అంతకన్నా ఏం కావాలి? అరడజను గాజు గొట్టాలకు నేనాడిన బేరం విని అంగడాయన, "నీకు జీతమిచ్చేటోళ్లు ఎవురో గాని, నాక్కూడా సగం ఇమ్మని చెప్పప్పా, నిన్ను ఓర్చుకున్నందుకు" అన్నాడు. దాన్ని నేను మెప్పుగానే తీసుకున్నాను.

లాబరేటరీ అంటే ముగ్గురమే. మా కెమిస్టును పెద్దాయన అనేవాళ్లం. కోస్తా మనిషి. మాట పొదుపు, అనుమానం దండి. తన సూత్రాన్ని ఎవడో ఎత్తుకుపోతాడని ఆయన బెంగ. పొడులు కలిపేటప్పుడు గదిలో లోపల గడియ పెట్టుకునేవాడు. కలిపిన సీసా బయటికి వచ్చేది గాని, అందులో ఏమేముందో ఆ మాట మాత్రం వచ్చేది కాదు. రెండో ఆయన కొలిమి చూసేవాడు. మేం కొలిమన్న అనేవాళ్లం. నంద్యాలలోనే మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగిన మనిషి. మంట రంగు చూసి వేడి చెప్పేవాడు. "ఇంకా దానిమ్మ గింజే సార్, నారింజ తొన కాలా" అంటాడు. కొలత పెట్టి చూస్తే అంతే ఉంటుంది. ఆదివారం మాత్రం సాక్షాత్తూ ముఖ్యమంత్రి వచ్చి అడిగినా కొలిమి వెలిగించడు.

మేం చేయాలనుకున్నది ఇనుమూ ఇసుకా కలిసి ఒకటైన ఖనిజం. ముడి ఇనుము కరిగించే బట్టీల్లో ఇది పుట్టిందంటే, దక్కాల్సిన ఇనుమంతా చిట్టెంలో, అంటే పారబోసే మడ్డిలో, కలిసిపోతుందట. ఎంత వేడికి పుడుతుంది, ఎంత వేడికి కరుగుతుంది అన్నది తేల్చుకోవాలంటే ముందు దాన్ని ఏ మలినమూ లేకుండా మన చేత్తో చేయగలగాలి. పెద్దాయన మొదటిసారి పొడులు తానే కలిపి, తానే మూడు రోజులు నూరి, మట్టి మూసలో పోసి, మూతకు బంకమట్టి మెత్తి కొలిమిలో పెట్టించాడు. మూస పగలగొడితే ముదురు పెసర రంగులో, సూర్యుడికి తిప్పితే మిణుకుమనే గడ్డ వచ్చింది. ఆయన నవ్వగా నేను చూసింది అదే మొదలు.

ఆ గడ్డను మద్రాసులో ఉన్న హెడ్డాఫీసుకు పంపాడు. మెచ్చుకుంటారనుకుంటే ఉత్తరం ఇంకో రకంగా వచ్చింది. ఇది మీరు చేసింది కాదు, కమ్మరి కొలిమి దగ్గర ఊరికే దొరికే చిట్టెం ఏరి పంపారు, మీరు ఆళ్లగడ్డలో ఒక కమ్మరి ఇంటికి పోయి రావడం మా మనిషి కళ్లారా చూశాడు, మళ్లీ చేసి చూపండి, మా అధికారి ఎదుట చేయలేకపోతే రాజీనామా పంపండి అని దాని సారాంశం. పెద్దాయన ఆ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఎండాకాలంలో కూడా కోటు విప్పలేదు.

మూడు రోజుల నూరుడుకు ఆయన భుజం పట్టేసింది. అందుకని ఆ పని నాకు ఇచ్చాడు. "నున్నగా నూరు. బరువు తగ్గకూడదు. ఇంకేం చేయకు." ఇదీ నాకందిన శిక్షణ మొత్తం.

కల్వంలో నూరుతూ ఉంటే మొదటి రోజే నాకు కనిపించాయి. ఎర్ర పొడి నడుమ తళుక్కుమనే నలకలు. ఎంత నూరినా నలగవు. నూరడం ఆపేశాను. ఎందుకంటే ఆ ఎర్ర పొడి మేలిరకం జాజు, అంటే దాదాపు అంతా ఇనుప తుప్పే. ఆళ్లగడ్డ శిల్పులు రాతి మీద గీతలు గీసుకోవడానికి వాడేది. అక్కడి వ్యాపారి దగ్గర దాన్ని నేనే తెచ్చాను. మామూలుగా తేలేదు. ఆయన చేతులు జోడించి "ఇంక చాలు, తీసుకొని పో నాయనా" అనే దాకా బేరమాడి తెచ్చి, నెల రోజులు అందరికీ చెప్పుకున్నాను. అట్లాంటి బస్తాలో కల్తీ! సంగతి బయటపడితే కొలిమన్న నన్ను బతకనివ్వడు.

ఇంటికి పోయి అయస్కాంతం తెచ్చాను. పొడిని కాగితం మీద పరిచి తిప్పాను. పాత మీసాలే. దొంగ రజనంతా ఏరేశాను. తర్వాత తూకం గుర్తొచ్చింది. బరువు తగ్గకూడదన్నాడు కదా. తగ్గినంత మేరకు బస్తాలోని జాజునే జల్లించి కలిపాను. ఏరిన రజనును పొట్లం కట్టి, పైన తారీఖు వేసి దాచాను. ఎప్పటికైనా ఆ వ్యాపారి ముందు పొట్లాలన్నీ వరసగా పరిచి కడిగేయాలని నా ఉద్దేశం. ఇంత చేసి, ఒకరికీ చెప్పకుండా కంపెనీని కాపాడుతున్నానని లోలోపల మురిసిపోయాను కూడా.

మూస పగలగొట్టారు. లోపల ఇటుక రంగు గడ్డలాంటిది వచ్చింది. పలుగురాయి పొడి పలుగురాయిగానే, జాజు జాజుగానే ఉన్నాయి, ఒకదాని మొహం ఒకటి చూడకుండా.

రెండోసారి అదే. మూడోసారి అదే. ప్రతిసారీ నేను మరింత శ్రద్ధగా ఏరాను. కల్తీ వల్లే చెడిపోతోందని నా నమ్మకం. నలక కూడా మిగలకుండా ఏరితే కుదురుతుందని. ఐదోసారికి నా పనితనం ఎంత గొప్పగా తయారయిందంటే, వచ్చిన గడ్డతో నేరుగా గోడ కట్టుకోవచ్చు.

"లాబరేటరీ బోర్డు పీకేసి ఇటుకల బట్టీ అని రాద్దాం సార్. గిరాకీ ఉంటాది" అన్నాడు కొలిమన్న.

పెద్దాయన నవ్వలేదు. "నీ మంట సరిగ్గా లేదు" అన్నాడు.

కొలిమన్న మొహం మాడిపోయింది. పదిహేనేళ్లుగా ఆ మనిషి నిప్పును ఎవరూ తప్పుపట్టలేదు. ఐదుసార్లూ పెద్దాయన అదే మాట అన్నాడు. ఐదుసార్లూ నేను పక్కనే నిలబడి, పాపం, కొలిమన్నకు వయసవుతోందేమో అని జాలిపడ్డాను.

తనిఖీ అధికారి ఒక శనివారం మధ్యాహ్నం దిగాడు. మద్రాసు నుంచి. సన్నగా, పొడుగ్గా, చేతిలో భూతద్దం. వచ్చీ రాగానే కుర్చీ కింద, బల్ల కింద, బొగ్గు బస్తాల వెనకాల చూశాడు. ఆరోసారి కలిపిన పొడిని నేను అప్పటికే నూరి, నా పద్ధతిలో "శుభ్రం" చేసి సీసాలో పోసి ఉంచాను. ఆయన సీసా మూతకు లక్క కరిగించి ముద్ర వేశాడు. పెద్దాయన తన సూత్రాన్ని కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, "ఫలితం చూశాకే విప్పండి" అని ఆయన చేతికిచ్చాడు. సీసా, కవరు రెండూ బీరువాలోకి, బీరువా తాళం అధికారి జేబులోకి పోయాయి.

"రేపే కాలుద్దాం" అన్నాడు అధికారి.

"రేపు ఆదివారం సార్. సోమవారం పొద్దున" అన్నాడు కొలిమన్న, బస్సు టైము చెప్పినంత మామూలుగా.

దాంతో నాకు ఒక రోజు దొరికింది. ఆదివారం పొద్దున్నే ఐదు పొట్లాలూ, ఆరోదీ, అయస్కాంతమూ సంచిలో వేసుకొని ఆళ్లగడ్డ బస్సెక్కాను. నా లెక్క సులువు. వ్యాపారి చేత కల్తీ ఒప్పించి, ఒక కాగితం రాయించుకొని వస్తే, పెద్దాయన తప్పేమీ లేదని తేలుతుంది. నన్ను నేను ఆ బస్సులో ఎంత గొప్పగా ఊహించుకున్నానో చెబితే మీరు నవ్వుతారు.

ఆళ్లగడ్డలో దిగితే ఉలుల చప్పుడు. ముక్కు లేని దేవుళ్లు, చేతులు ఇంకా రాని దేవతలు వీధి పొడుగూతా ఎండలో కూర్చొని ఉన్నారు. వ్యాపారి నన్ను చూడగానే అంగట్లోంచి లేచాడు.

"ఏందప్పా మళ్లీ వచ్చినావ్? పోయినసారి నా ఒంటి మీద చొక్కా ఒగటి మిగిలిపోయింది, దానికా?"

"చొక్కా కాదు శెట్టీ, నీ పరువు తీస్కపోను వచ్చినా" అని పొట్లాలు వరసగా పరిచాను. "ఏంది ఇది? జాజులో ఇనుప రజను కలిపి అమ్ముతాండావా?"

ఆయన ఒక పొట్లం వేళ్లతో నలిపి చూశాడు. తర్వాత పెద్దగా నవ్వాడు. "ఒరే నాయనా, నువ్వు నాకిచ్చిన ధరకు నేను మన్ను కలిపితేనే గిట్టాల. ఇనుము కలిపేదానికి నాకేమన్నా పిచ్చా? జాజు కంటే రజనే పిరెం గదప్పా!"

ఇంత సులువైన లెక్క, అంగట్లో పుట్టినవాణ్ణి, నాకెందుకు తట్టలేదు?

"యాడ పెట్టినావ్ నీ సూదంటురాయి? తీ బయటికి" అని ఆయన బస్తాలోంచి గుప్పెడు జాజు తీసి కాగితం మీద పోశాడు. నేను అయస్కాంతం తిప్పాను. ఒక్క నలక లేవలేదు. ఇంకో బస్తా. లేవలేదు. మూడోది నేనే విప్పాను, మొండితనం కొద్దీ. అదీ అంతే.

"మీ ఆపీసాయన, కోటు ఏసుకుంటాడే, ఆయన ఆడ కమ్మరాయప్ప దగ్గర రజను తీస్కపోతాంటాడు. ఆ కమ్మరాయప్పనే అడుగుపో" అన్నాడు.

కాళ్లు ఈడ్చుకుంటూ పోయాను. కమ్మరి శిల్పులకు ఉలులు సాన పట్టే ముసలాయన. ఆకురాయితో రుద్దినప్పుడు రాలిన రజనును కింద గోనెపట్ట పరిచి పడుతున్నాడు.

"అవును, ఆయన వస్తాడు. మెత్తంది, తుప్పు పట్టంది కావాలంటాడు. ఎవురికీ చెప్పొద్దంటాడు" అని, నాకే చెప్పేసినందుకు నాలిక కరుచుకున్నాడు.

"దేనికి తాతా అది?"

"దేనికో నాకేం ఎరిక? చిట్టెం పుట్టేదానికేమో."

"ఇసకా జాజూ కాలిస్తే పుట్టదా చిట్టెం?"

ముసలాయన నా వైపు జాలిగా చూశాడు. "రా ఈడికి." ఒక ఇనుప ముక్క తెల్లగా కాలేదాకా తిత్తి ఊదించాడు. దాని మీద ఇసుక చల్లాడు. చల్లిన చోటల్లా ఇసుక నల్లగా, నూనె మాదిరి కరిగి జారింది. "రెండు ముక్కలు అతికేటప్పుడు ఇట్ల చల్లుతాం. మడ్డి కారిపోతాది. ఇప్పుడు దా, సూడు." పెంకు మీద జాజూ ఇసుకా కలిపి నిప్పుల్లో పెట్టాడు. ఎర్రగా కాలింది. తీసి కొట్టాడు. ఎర్ర పొడి, తెల్ల ఇసుక, విడివిడిగా రాలాయి.

అచ్చం మా ఐదు గడ్డలే.

"ఇనుముంటే ఎందుకు కరుగుతాది తాతా?"

"దాన్నడుగు. నాకు చెప్పలా. ఇనుము లేకుంటే కరగదు, అంతే నాకు తెల్సు."

పెద్దాయన ఎన్నోసార్లు ఆలోచించి, గడియ పెట్టుకొని, కొలత ప్రకారం కలిపిన ఇనుమును నేను ఆరుసార్లు పొల్లు పోకుండా ఏరేశాను. ఆరోది లక్క ముద్ర కింద బీరువాలో ఉంది. రేపు పొద్దున కొలిమిలోకి పోతుంది. ఎల్లుండి పొద్దున ఇటుకై వస్తుంది. పెద్దాయన రాజీనామా రాస్తాడు, దొంగ అనే పేరుతో సహా.

సాయంత్రం నంద్యాలలో దిగి నేరుగా కొలిమన్న ఇంటికి పోయాను. ఆయన చర్చికి వేసుకున్న తెల్ల చొక్కా ఇంకా విప్పలేదు. అరుగు మీద కూర్చొని పల్లీలు ఒలుస్తున్నాడు. అంతా చెప్పాను. ఆయన పల్లీలు ఒలవడం మానలేదు.

"ఐదుసార్లు" అన్నాడు చివరికి. "ఐదుసార్లు నా నిప్పు బాగలేదన్యాడు రా ఆయప్ప. నా పెండ్లాం గూడా నమ్మింది."

"తప్పయింది అన్నా."

"ఇంటికొచ్చినోణ్ణి కొట్టగూడదని పొద్దున్నే ప్రసంగం ఇని వచ్చినా. లేకుంటేనా." గుప్పెడు పల్లీలు నా చేతిలో పోశాడు. "పోయి పెద్దాయనకు చెప్పు."

"చెప్తే ఆ మద్రాసాయన ఏమంటాడు? గుమాస్తా చేత నింద మోయిస్తాండారు అనడా?"

"అంటాడేమో. నువ్వు చెప్పకుండేది దానికా, భయానికా?"

నేను పల్లీలు నమిలాను. ఆ వీధి చివరి దాకా వినిపించేంత గట్టిగా నమిలాను.

"ఇనుమే కదన్నా కావాల్సింది" అన్నాను కాసేపటికి. "పొడిలో లేకుంటే పాత్రలో ఉంటే చాలదా? నీ గాలి తిత్తికి తెచ్చిన గొట్టం ముక్క కొత్తది మిగిలింది కదా. మట్టి మూస బదులు దాంట్లో పోస్తే?"

"ఆ మద్రాసాయప్పకు ఏమని చెప్తావ్?"

"నేను చెప్పను. ఆయనే అడగాల."

సోమవారం పొద్దున అధికారి బీరువా తెరిచి, ముద్ర చూసుకొని సీసా తీశాడు. పెద్దాయన కోటు బొత్తాలన్నీ పెట్టుకొని నిలబడ్డాడు. నేను మట్టి మూస ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, చప్పున పక్కకు జరిపాను. అధికారి కంటపడేలా జరిపాను.

"ఏమిటది? ఇలా తెండి" అన్నాడు అధికారి.

"ఏమీ లేద్సార్. మూస. మేమే చేసుకుంటాం. లోపల చూసేదానికేముంది?"

మా నాయన అంగట్లో, సరుకు అంటగట్టాలంటే ముందు దాన్ని దాచేవాడు. అధికారి భూతద్దం తీశాడు. మూసను గోళ్లతో గీకాడు. చివరికి నేలకేసి కొట్టాడు. మట్టి తప్ప ఏమీ లేదు.

"ఇంకోటి?"

"ఇంకోటీ మేం చేసిందే సార్" అన్నాను, వీలైనంత దిగులుగా.

"మీరు చేయనిది ఏదీ లేదా ఇక్కడ?"

"లేద్సార్. గాలి తిత్తికని తెచ్చిన కొత్త ఇనుప గొట్టం ఉంది గాని, దాంతో ఏం పని? వద్దులెండి."

పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. "ఇనుప గొట్టమా? వద్దు వద్దు. దాంట్లో పెడితే నా పాళ్లు మారిపోతాయి!" అన్నాడు. ఆయనకు నా సంగతేమీ తెలియదు. నిజంగా కంగారుపడ్డాడు. ఎన్ని బేరాలాడినా, పక్కన నిలబడి అంత బాగా సాయం చేసినవాడు నాకు ఇంకొకడు దొరకలేదు.

అధికారి కళ్లు మెరిశాయి. "గొట్టంలోనే పెట్టండి."

కొలిమన్న గొట్టాన్ని జానెడు కోశాడు. అధికారి లోపల గుడ్డ పెట్టి తుడిచి, వెలుతురుకు పెట్టి చూశాడు. పొడి తానే పోశాడు. రెండు కొసలూ సుత్తితో చదును చేసి మడిచాం. అధికారి దాని మీద ఉలితో తన పొడి అక్షరాలు గీశాడు. సాయంత్రం దాకా కొలిమి నారింజ తొన రంగులోనే నిలిచింది. అధికారి కుర్చీ వేసుకొని అక్కడే కూర్చున్నాడు. అన్నం కూడా అక్కడే తిన్నాడు. బూడిదలో చల్లారబెట్టిన ఆ గొట్టాన్ని మంగళవారం పొద్దున రంపంతో నిలువునా కోశాం.

గోడ పొడుగునా, వేలి మందాన, ముదురు పెసర రంగు. మిణుకు మిణుకుమంటోంది.

కొలిమన్న నా డొక్కలో మోచేత్తో పొడిచాడు. అధికారి భూతద్దంతో చాలాసేపు చూశాడు. "పుట్టింది. ఒప్పుకుంటాను. గోడను పట్టుకొని పెరిగింది. ఇది బయటి నుంచి తెచ్చి పెట్టింది కాదు" అన్నాడు.

నేను టీ తెప్పించబోయాను.

"ఒక్క నిమిషం" అన్నాడాయన. "నడుమంతా ఇటుక రంగే ఉందేం?"

పెద్దాయన అప్పటికే అది చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. అధికారి కవరు చింపి సూత్రం పైకి చదివాడు. జాజు ఇంత, పలుగురాయి పొడి ఇంత, లోహపు ఇనుప రజను ఇంత. మళ్లీ గొట్టం నడిమికి చూశాడు. "ఇనుము కలిపానని రాశారు. కలిపి ఉంటే నడుమ కూడా పుట్టాలిగా. గోడ దగ్గరే ఎందుకు పుట్టింది? ఇనుము గోడదే కాబట్టి. అంటే మీరు కలపలేదు. కలపని దాన్ని కలిపినట్టు రాశారు."

పెద్దాయన చెయ్యి కోటు లోపలి జేబు మీదికి పోయింది.

తెలివి ఎక్కువైతే జరిగేది ఇదే. నేను పెట్టించిన గొట్టమే ఆయన్ని పట్టిచ్చింది. ముందు చిట్టెం దొంగ అన్నారు. ఇప్పుడు నా పుణ్యమా అని రాత దొంగ కూడా అయ్యాడు. కొలిమన్న నన్ను చూడలేదు. కావాలనే చూడలేదు. పొయ్యిలో బూడిద లాగుతూ నిలబడ్డాడు.

"ఆయన కలిపినాడు సార్" అన్నాను. "నేను తీసేసినా."

సంచి తెచ్చి ఆరు పొట్లాలూ బల్ల మీద పెట్టాను. అయస్కాంతం కూడా పెట్టాను. టీ పొడి దగ్గర మొదలుపెట్టి ఆళ్లగడ్డ దాకా ఒక్కటీ వదలకుండా చెప్పాను. తగ్గిన బరువుకు జాజు కలిపిన సంగతి చెబుతుంటే పెద్దాయన కుర్చీలో కూలబడి కళ్లు మూసుకున్నాడు.

అధికారి నమ్మలేదు. నమ్మేవాడైతే ఆ ఉద్యోగంలో ఉండడు. పొట్లం మీది తారీఖు చూశాడు. తరాజులో పెట్టాడు. కాగితం మీది అంకె చూశాడు. రెండోది పెట్టాడు. మూడోది. ఆరు పొట్లాలూ, నలకంత తేడాతో, పెద్దాయన రాసిన బరువే తూగాయి. కల్తీ ఏరడంలో నేనెంత నిపుణుణ్ణో ఒక సాక్షి ముందు రుజువైన సందర్భం నా జీవితంలో అదొక్కటే.

"ఇంత బాగా ఎలా ఏరావయ్యా?" అన్నాడాయన. మొహంలో మొదటిసారి మనిషి కనిపించాడు.

ఆ రోజే పెద్దాయన గడియ పెట్టుకోకుండా, తలుపులు బార్లా తెరిచి, కొత్తగా పొడులు కలిపాడు. రజను పోస్తూ, ఎవరూ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. "ఈ ఎర్ర తుప్పులో ప్రాణవాయువు మరీ ఎక్కువ. అంత ఉంటే ఇసుక దాంతో కలవదు. ఉత్త ఇనుములో అసలే లేదు. మూత బిగించి వేడి చేస్తే తుప్పు తన దగ్గర ఎక్కువున్నది ఇనుముకిస్తుంది. రెండూ దిగి, ఎక్కి, నడుమ ఒక చోటికి వస్తాయి. అప్పుడు ఇసుక ఒప్పుకుంటుంది."

"బేరం కుదిరినట్లు" అన్నాను.

"ఆఁ. బేరమే. అమ్మేవాడున్నాడు, కొనేవాడున్నాడు. నువ్వు కొనేవాణ్ణి ఆరుసార్లు మెడ పట్టి అంగట్లోంచి బయటికి గెంటావు."

అధికారి మరి రెండు రోజులు ఉన్నాడు. ఈసారి మట్టి మూసలోనే కాల్చాం. పగలగొడితే ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకటే రంగు. ఆయన పాత ఉత్తరం వెనక్కి అడిగి తీసుకొని, దాని బదులు ఇంకోటి అక్కడే కూర్చొని రాసిచ్చాడు. పెద్దాయన దాన్ని చదివి, కోటు విప్పి మేకుకు తగిలించాడు. కొలిమన్నను పిలిచి, "నీ మంటలో తప్పు లేదు" అన్నాడు.

"ఆ మాట మా ఇంటికొచ్చి చెప్పాల సార్. నా పెండ్లాం ముందర" అన్నాడు కొలిమన్న. ఆ సాయంత్రం పెద్దాయన పోయి చెప్పి, భోంచేసి వచ్చాడు.

నన్ను మాత్రం ఏమీ అనలేదు. తీసేస్తాడని నేను వారం రోజులు ఎదురుచూశాను. తిట్లన్నా పడతాయనుకున్నాను. బేరాలాడేవాడికి అవతలివాడు మౌనంగా ఉంటే అంతకన్నా హింస లేదు. ధర ఎంతో తెలియదు కదా!

ఎనిమిదో రోజు టైపు చేసిన నివేదిక నా ముందు పెట్టాడు. నాకు వచ్చిన ఇంగ్లీషులోనే కూడబలుక్కొని చదివాను. లోహపు ఇనుము కలిపి చేసిన రెండు పరీక్షల్లో ఖనిజం పుట్టింది, ఇనుప గొట్టంలో చేసినప్పుడు గోడ వెంబడి మాత్రమే పుట్టింది, పోల్చి చూడడం కోసం బుద్ధిపూర్వకంగా ఇనుము తీసేసి చేసిన ఐదు పరీక్షల్లో ఎంత మాత్రమూ పుట్టలేదు, కాబట్టి లోహపు ఇనుము తప్పనిసరి.

"సార్, ఈ ఐదు..." అన్నాను.

"అవి లేకపోతే నివేదిక నిలవదు. ఇనుము ఉంటే ఖనిజం పుట్టిందని చెప్పడం సగమే. లేకుండా చేసి చూపిస్తేనే నమ్ముతారు. ఆ పని చేయాలని నాకు తట్టనే లేదు." కలం మూత తీసి నా వైపు తిప్పాడు. "ఇనుము నువ్వు చూసుకోకుండా తీశావా?"

"లేద్సార్. బుద్ధి పెట్టే తీసినా."

"అయితే అబద్ధమేముంది? ఆ ఐదింటి కింద సంతకం పెట్టు."